కష్టం చెప్పుకుంటాం, నిబంధన వదిలేస్తాం: నెల్లూరు, ఒంగోలు తొలితరం చదువుల నుంచి తెలిసేది

ఒంగోలులో ఏ బడి వార్షికోత్సవానికి వెళ్ళినా టంగుటూరి ప్రకాశం పంతులు కథ ఒకే తీరున వినిపిస్తుంది. పదకొండో ఏటే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. పరీక్ష ఫీజుకు డబ్బు లేకపోతే ఆ తల్లి పట్టుచీర తాకట్టు పెట్టారు. కాబట్టి పిల్లలూ, కష్టపడి చదవండి. కథ అక్కడితో అయిపోతుంది.

అందులో అబద్ధమేమీ లేదు. కానీ పదో తరగతి మెమో చేతిలో పట్టుకుని, రేపు ఏ దరఖాస్తు నింపాలో తోచని పిల్లకు ఆ కథలో దొరికేది తక్కువ. కష్టం ఆ ఇంట్లోనూ ఉంది, ఈ ఇంట్లోనూ ఉంది. ప్రకాశం జీవితంలో అసలు మలుపు చీర తాకట్టు తర్వాత పదిహేను, ఇరవై ఏళ్ళకు వచ్చింది. అది ఒక నిబంధన దగ్గర వచ్చింది. ఈ ప్రాంతపు తొలితరం వాళ్ళ జీవితాలను దగ్గరగా చూస్తే దాదాపు ప్రతిచోటా అలాంటి నిబంధన ఒకటి కనిపిస్తుంది: ఏ పరీక్ష ఏ తలుపు తీస్తుంది, ఆ తలుపు ఎంతదాకా తెరుచుకుంటుంది, అక్కడ ఆగిపోతే పక్కదారి ఏది. ఉపన్యాసాల్లో ముందుగా రాలిపోయేది ఈ భాగమే.

జిల్లా హద్దుల గురించి ఒక మాట. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లాగా ఏర్పడింది. 1972లో ప్రకాశం పేరు పెట్టారు. తర్వాత కూడా హద్దులు మారుతూనే ఉన్నాయి. అందుకే ఇక్కడ రెండు జిల్లాలనూ ఒకే నేలగా చూడటం సబబు. సీట్ల విషయంలో మాత్రం ఆ రెండూ ఒకటి కావు. అది కిందికి వస్తుంది.

రెండో తరగతి ప్లీడరు

ప్రకాశం 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఒంగోలు మిషన్ స్కూలులో లెక్కలు చెప్పే ఇమ్మానేని హనుమంతరావు నాయుడు రాజమండ్రికి మారినప్పుడు ఈ కుర్రవాణ్ణి వెంట తీసుకెళ్ళారు, అక్కడైతే పై చదువుకు వీలుంటుందని. న్యాయశాస్త్రం చదివి ప్రకాశం రెండో తరగతి ప్లీడరయ్యారు.

ఈ ‘రెండో తరగతి’ అనే మాట దగ్గర ఆగాలి. ఆ రోజుల్లో నల్లకోటు వేసుకున్న వాళ్ళందరి హక్కూ ఒకటి కాదు. అడుగున ప్లీడర్లు, వాళ్ళలో తరగతులు. ఆపైన హైకోర్టు వకీళ్ళు, అందరికంటే పైన బారిష్టర్లు. రెండో తరగతి ప్లీడరు ఎంత గొప్పగా వాదించినా కింది కోర్టుల గడప దాటలేడు. ప్రకాశానికి రాజమండ్రిలో ప్రాక్టీసు బాగా సాగింది, పేరొచ్చింది, డబ్బొచ్చింది, మునిసిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు. ఒక కేసు పని మీద మద్రాసు వెళ్ళినప్పుడు ఆయన తెలివి చూసిన ఒక బారిష్టరు, నువ్వూ బారిష్టరువి కావచ్చు గదా అన్నారు. 1904లో ఇంగ్లండు వెళ్ళారు. 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు.

మూడేళ్ళే ఎందుకు? లండన్‌లో బారిష్టరు కావాలంటే పరీక్షలు పాసైతే సరిపోదు. ‘ఇన్’ అనే న్యాయవాద సంఘంలో చేరి పన్నెండు టర్ములు పూర్తి చేయాలి. ఏడాదికి నాలుగు టర్ములు. ఒక్కో టర్ములో నిర్ణయించినన్ని పూటలు ఆ సంఘం భోజనశాలలో కూర్చుని భోంచేస్తేనే ఆ టర్ము లెక్కకొస్తుంది. చదువు ముందే అయిపోయినా భోజనాల లెక్క పూర్తి కానిదే పట్టా రాదు. నాలుగు మూళ్ళు పన్నెండు. ఆయన అక్కడున్న కాలం ఈ లెక్కతో సరిపోతుంది. ఇంటి నుంచి బయల్దేరేముందే ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు అని లెక్కవేసుకోగల నిబంధన ఇది.

ఈ వరుస గమనించాలి. ముందు తక్కువ ఖర్చులో దొరికే మెట్టు ఎక్కారు. ఆ మెట్టు మీద నిలబడి సంపాదించారు. దాని హద్దు ఎక్కడో తెలిశాక, సంపాదన చేతిలో ఉండగా పై మెట్టుకు కదిలారు. మొదటి రోజునే లండన్ కల పట్టుకుని కూర్చుని ఉంటే ఆ ఇంటి పరిస్థితికి అది తేలేది కాదు.

న్యాయవాదుల్లో ఆ తరగతుల్ని 1961 అడ్వకేట్ల చట్టం తీసేసింది. ఇప్పుడు అడ్వకేటు ఒక్కటే తరగతి. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి, డిగ్రీ మీద మూడేళ్ళ కోర్సు గానీ, ఇంటర్ మీద అయిదేళ్ళ కోర్సు గానీ చదివి, రాష్ట్ర బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, ఆలిండియా బార్ పరీక్ష పాసైన కందుకూరు అమ్మాయికీ, పెద్ద నగరంలో లక్షలు పోసి చదివిన వాళ్ళకీ కోర్టు ముందు హక్కు ఒకటే. ఆ రోజు ప్రకాశాన్ని సముద్రం దాటించిన అడ్డు ఈ రోజు లేదు. అది లేదని తెలియక పల్లెటూరి పిల్లలు లా వైపే చూడకపోవడం బాధాకరం.

ఇప్పటి రెండు మెట్ల దారి

ప్రకాశం నడిచిన వరుసకు ఈనాటి చదువుల్లో బాగా దగ్గరగా ఉండేది పాలిటెక్నిక్. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు కలిపి ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు, ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే అక్కడ మూడేళ్ళు, కలిపి అవీ ఆరే. తేడా ఏమిటంటే రెండో దారిలో మూడో ఏటికే చేతిలో ఉద్యోగార్హత ఉంటుంది. ఇంట్లో పరిస్థితి తలకిందులైతే ఆగి సంపాదించుకోవచ్చు. మొదటి దారిలో నాలుగో ఏట ఆగితే మిగిలేది ఇంటర్ సర్టిఫికెట్టే.

పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలీసెట్ 120 మార్కులకు ఉంటుంది: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. రెండు గంటల పరీక్ష, తప్పు జవాబుకు మార్కు కోయరు. అన్నీ పదో తరగతి పాఠాలే. ఈసెట్ 200 మార్కులకు: లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి సబ్జెక్టు 100.

దెబ్బ తగిలేది మూడు చోట్ల. మొదటిది లెక్కలు. ఇంటర్ పిల్లలు రెండేళ్ళపాటు రోజూ చేసిన కలనగణితం, సదిశలు డిప్లొమాలో అంత లోతుగా రావు. ఈసెట్‌లో ర్యాంకు తెచ్చుకుని బీటెక్ రెండో ఏడాదిలో కూర్చున్న పిల్లవాడు మొదటి సెమిస్టర్ లెక్కల పేపర్లో పోవడానికి కారణం ఇదే. తెలివి తక్కువై కాదు. డిప్లొమా చివరి ఏడాది నుంచి ఇంటర్ లెక్కల పుస్తకాల్లోని అవకలనం, సమాకలనం అధ్యాయాలు రోజుకు గంట చొప్పున ఆరు నెలలు చేసుకుంటే ఆ గండం గడుస్తుంది. రెండోది సీట్లు. ఈసెట్‌తో చేరేవాళ్ళకు ఉండే సీట్లు మామూలు బీటెక్ సీట్లతో పోలిస్తే చాలా తక్కువ, అదీ కోరిన బ్రాంచిలో ఇంకా తక్కువ. డిప్లొమా బ్రాంచి ఏదైతే బీటెక్ కూడా దానికి సంబంధించినదే దొరుకుతుంది. అంటే అసలు ఎంపిక పదో తరగతి తర్వాతే జరిగిపోతుంది. మూడోది పారిశ్రామిక శిక్షణ. చాలామంది దాన్ని తెలిసినవాళ్ళ దగ్గర సర్టిఫికెట్ రాయించుకునే పనిగా చూస్తారు. చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లు, కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రాలు ఉన్న ప్రాంతమిది. మోటారు ఎందుకు కాలిందో, రంపం బిళ్ళ ఎందుకు పగిలిందో రోజూ చూసి నోటుబుక్కులో రాసుకున్న కుర్రవాడు ఇంటర్వ్యూలో మాట తడుముకోడు.

బ్యాంకు అప్పు తీసుకునేవాళ్ళు ఒక లెక్క ముందే వేసుకోవాలి. విద్యా రుణానికి మామూలుగా కోర్సు కాలం, దాని మీద ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. కట్టనక్కర్లేదంటే వడ్డీ ఆగిందని కాదు. నాలుగేళ్ళ కోర్సుకు ఏటా మొదట్లో లక్షన్నర చొప్పున ఆరు లక్షలు, నూటికి ఏడాదికి పది వడ్డీ అనుకుందాం. మొదటి లక్షన్నరకు అయిదేళ్ళ వడ్డీ 75 వేలు, రెండోదానికి 60 వేలు, మూడోదానికి 45, నాలుగోదానికి 30. మొదటి వాయిదా కట్టేనాటికి అప్పు 8 లక్షల 10 వేలవుతుంది. చదువుతున్నప్పుడే వడ్డీ వరకు నెలనెలా కడితే ఆ 2 లక్షల 10 వేలు నెత్తిన పడవు. మొదటి ఏడాది నెలకు కట్టాల్సింది 1,250 రూపాయలే. అది చాలా ఇళ్ళకు సాధ్యమే, కానీ చెప్పేవాళ్ళుండరు.

మూసుకుపోయిన తలుపులు

నెల్లూరులో పెరిగిన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అనంతపురంలో ఇంజనీరింగులో చేరి, టైఫాయిడ్ వచ్చి మానేసి, మద్రాసులో ఏఎంఐఈ (కాలేజీకి వెళ్ళకుండా రాసే ఇంజనీర్ల సంస్థ పరీక్ష) చదివారు. కాలేజీ మానేసినవాళ్ళకు, పని చేసుకుంటూ చదివేవాళ్ళకు అప్పట్లో అదొక మంచి ఆసరా. ఆయన కథ విని ఈ రోజు ఎవరైనా అదే దారి పడితే చిక్కుల్లో పడతారు. 2013 మే 31 లోపు చేరినవాళ్ళకే ఆ అర్హతను కేంద్ర ప్రభుత్వం బీటెక్‌తో సమానంగా గుర్తిస్తుంది. గొప్పవాళ్ళ జీవితాలను మెట్టుకు మెట్టు అనుకరించడంలో ప్రమాదం ఇదే: మెట్టు ఆనాటిది, ఎక్కేది ఈనాడు. వాళ్ళ నుంచి తీసుకోవలసింది వరుస. ఆ సర్టిఫికెట్ పేరు ఇవాళ చెల్లుతుందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

నెల్లూరుకు పేరు ఇచ్చిన పొట్టి శ్రీరాములు విషయంలోనూ చదువు భాగం మరుగున పడింది. 1901లో మద్రాసులో పుట్టారు. పూర్వీకులది కనిగిరి వైపు పడమటిపల్లి. బొంబాయి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగు చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగం చేశారు. తాగునీరు, మురుగుకాల్వలు, పారిశుద్ధ్యం: కలరా ఊళ్ళను ఊడ్చేస్తున్న కాలంలో నిపుణులు తక్కువగా ఉన్న విద్య అది. భార్యను పోగొట్టుకున్నాక ఆ ఉద్యోగం వదిలి గాంధీ వెంట వెళ్ళారు. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల ప్రవేశం కోసం నిరాహారదీక్ష చేశారు. 1952 అక్టోబరు 19న మొదలైన దీక్ష డిసెంబరు 15న ప్రాణం తీసింది. ఆ త్యాగం ఎంతటిదో తెలియాలంటే ఆయన దేన్ని వదులుకున్నారో కూడా పిల్లలకు చెప్పాలి. దొరకడం కష్టమైన సాంకేతిక విద్యను, రైల్వే ఉద్యోగాన్ని వదులుకున్నారు.

మిగిలిపోయిన బ్రాంచి వచ్చిందని దిగులుపడే పిల్లలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ సంగతి చెప్పడం మేలు. ఇంటిపేరులోని ఊరు నెల్లూరు జిల్లాదే అయినా ఆయన పుట్టింది తిరుత్తణిలో, ఆయన చదువుతో నెల్లూరుకు సంబంధం లేదు. ఆ మాత్రం దానికి మావాడని చెప్పుకోవడం కంటే ఆయన చేసింది చూడటం ఉపయోగం. తత్వశాస్త్రం ఆయన ఏరికోరి తీసుకున్నది కాదు. డిగ్రీ పూర్తి చేసిన బంధువొకరు పుస్తకాలు ఇచ్చారు, కొనే ఖర్చు తప్పింది, అదే చదివారు. 1908కల్లా ఎంఏ కోసం వేదాంత నీతిశాస్త్రం మీద రాసిన వ్యాసం అచ్చులో ఉంది. మరుసటి ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అనుకోకుండా చేతికొచ్చిన సబ్జెక్టులో, చదువు పూర్తయ్యేలోపు పదిమంది చదవగలిగే పని ఒకటి బయటపెట్టడం ఇక్కడ కీలకం.

బ్రాంచి సంగతి వచ్చింది కాబట్టి, కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచి కోరుకునే వెబ్ ఆప్షన్ల గురించీ చెప్పాలి. ‘నా ర్యాంకుకు రాదులే’ అని మంచి కాలేజీని కిందికి నెట్టడం, పది ఆప్షన్లు పెట్టి వదిలేయడం ఏటా జరిగే తప్పులు. కంప్యూటరు పై నుంచి కిందికి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తుంది. ర్యాంకుకు అందనిది పైన ఉన్నంత మాత్రాన కింది ఆప్షన్‌కు నష్టం లేదు. కాబట్టి వరుస ఇష్టాన్ని బట్టే ఉండాలి, అంచనాలను బట్టి కాదు.

రెండు భాషలు రాయగలిగినవాళ్ళు

వెన్నెలకంటి సుబ్బారావు పేరు ఒంగోలులోనే చాలామందికి తెలియదు. 1784లో పుట్టారు. కింది స్థాయి కచేరీ కొలువుల్లో పని నేర్చుకుంటూ, ఒక్కో భాషా పట్టుకుంటూ, 1815కల్లా మద్రాసు సదర్ అదాలత్‌లో (కంపెనీ కాలపు పై కోర్టు) అనువాదకుడు, దుబాసీ అయ్యారు. 1829 దాకా ఆ పనిలో ఉన్నారు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న జీవిత చరిత్రను కొడుకు 1873లో మద్రాసులో అచ్చువేయించారు. తెలుగువాడు రాసుకున్న తొలి ఆత్మకథల్లో అదొకటి. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా, పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని, వ్యాకరణం తెలియకుండానే చదువు ముగుస్తోందని ఆయన చెప్పిన మాట రెండువందల ఏళ్ళ తర్వాత కూడా కొత్తగానే ఉంది.

ఆయనకు ఆ ఉద్యోగం ఎలా కుదిరింది? ఊళ్ళో లెక్కలు తెలుగులో, పాత సర్కారు కాగితాలు మరాఠీలో, పారసీలో, పైన తీర్పు చెప్పే దొరలు ఇంగ్లీషులో. మధ్యలో నిలబడి అటూ ఇటూ తప్పు లేకుండా చెప్పగలిగేవాడు లేకపోతే కోర్టు నడవదు. ఈ నేలలో ఆ తరహా శ్రద్ధ తర్వాత కూడా కనిపిస్తుంది. సేద్యం చేసుకుంటూ పారసీ నేర్చుకుని ఉమర్ ఖయ్యాంను నేరుగా తెలుగులోకి తెచ్చిన దువ్వూరి రామిరెడ్డి నెల్లూరు జిల్లా రైతు. బుచ్చిరెడ్డిపాళెం నుంచి శాంతినికేతన్ వెళ్ళి రవీంద్రుణ్ణి తెలుగు చేసిన బెజవాడ గోపాలరెడ్డి తర్వాత ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు.

ఇప్పటికీ ఆ పని తగ్గలేదు. కోర్టు తీర్పులు తెలుగులోకి వస్తున్నాయి, యంత్రం చేసిన అనువాదాన్ని మనిషే సరిచూడాలి. సాధనకు ఇంట్లో ఉన్న పాత దస్తావేజు చాలు. ఒక పేజీ ఇంగ్లీషులోకి రాసి, వారం ఆగి, అసలు చూడకుండా దాన్ని మళ్ళీ తెలుగులోకి రాస్తే తప్పులు వాటంతటవే బయటపడతాయి. ‘స్వార్జితం’, ‘పిత్రార్జితం’ రెండింటినీ ఉత్త ‘సొంత ఆస్తి’గా మార్చేస్తే అమ్మే హక్కు ఎవరిదన్నదే తారుమారవుతుంది. చెక్కుబందీలో (పొలం హద్దుల వివరం) తూర్పు, పడమర తిరగబడితే పొలం పక్కవాడిదవుతుంది. ఇంగ్లీషు మీడియం వచ్చాక తెలుగు దస్తావేజు చదవగలిగే పిల్లలు తగ్గారు. అందుకే వచ్చేవాళ్ళకు విలువ పెరిగింది.

నెల్లూరు ఒక వైపు, ఒంగోలు ఒక వైపు

హద్దుల మాట ఇక్కడికి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రవేశాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. ఆ ఉత్తర్వులో ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో, నెల్లూరు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి. స్థానికత పుట్టిన ఊరిని బట్టి రాదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి వస్తుంది. ఇంటర్ పిల్లలకు అవి తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. కావలిలో పది దాకా చదివి, ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌కు వెళ్ళిన పిల్లకు నాలుగేళ్ళూ ఒకచోట పడలేదు. అప్పుడు ఏడేళ్ళ లెక్క చూస్తారు: ఆరు నుంచి పది దాకా అయిదేళ్ళు నెల్లూరు జిల్లాలో, రెండేళ్ళు అటు. ఎక్కువ కాలం ఇటే కాబట్టి ఆమె శ్రీవేంకటేశ్వర పరిధి స్థానికురాలు. కానీ ఆ మాట నిరూపించడానికి ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మధ్యలో మూతపడిన ప్రైవేటు బడి సర్టిఫికెట్ కోసం కౌన్సెలింగ్ వారంలో తిరగడం ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుసు. బడి మారిన ప్రతిసారీ, ఆ రోజే, సర్టిఫికెట్ తీసి పెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు. ఆ ఏటి నోటిఫికేషన్‌లో పరిధుల వివరం కూడా ఒకసారి చూసుకోవాలి.

తలుపే లేనప్పుడు

పైన చెప్పినవాళ్ళందరికీ ఎక్కడో ఒక తలుపు ఉంది. పొణకా కనకమ్మకు అదీ లేదు. 1892లో పుట్టారు. పుట్టింటివారు మరుపూరు వారు, పోట్లపూడి పొణకా వారింటికి చిన్నతనంలోనే కోడలై వెళ్ళారు. బడి మొహం చూడలేదు, ఇంట్లోనే తెలుగు, సంస్కృతం, హిందీ నేర్చుకున్నారు. 1921లో గాంధీ ప్రారంభించిన పల్లిపాడు పినాకిని ఆశ్రమానికి భూమి ఇచ్చినవారు ఆమే. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. 1929లో దాని భవనానికి గాంధీ శంకుస్థాపన చేశారు. తనకు దొరకని బడిని తానే కట్టిన మనిషి ఆమె. ఈ వ్యాసంలోని అందరిలోకీ అతి కష్టమైన పని చేసింది ఆమేనని చెప్పడానికి సందేహం అక్కర్లేదు.

కస్తూరిబా పేరుతోనే కేంద్రం 2004లో తెచ్చిన బాలికా విద్యాలయాలు ఇప్పుడు రెండు జిల్లాల మండలాల్లోనూ ఉన్నాయి. బడి మానేసిన ఆడపిల్లలు ఆరో తరగతి నుంచి హాస్టల్‌లో ఉండి చదువుకోవచ్చు. ఆ వయసు దాటినవాళ్ళకు ఓపెన్ స్కూలు ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి కట్టవచ్చు.

పెళ్ళయ్యాక తిరిగి చదువుకునే ఆడపిల్లలకు అడ్డం పడేది తరచుగా చదువు కాదు, పేరు. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. రేషన్ కార్డు కోసమో, బ్యాంకు ఖాతా కోసమో ఆధార్‌లో మెట్టినింటి ఇంటిపేరు ఎక్కించేస్తారు. దరఖాస్తు దగ్గర రెండూ సరిపోవు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిపోతుంది. మెమోలో పేరు దిద్దించాలంటే హెడ్‌మాస్టరు ద్వారా పరీక్షల విభాగం దాకా కాగితం వెళ్ళాలి, నెలలు పడుతుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది. అందుకని చదువు పూర్తయ్యేదాకా ఆధార్‌లో మెమోలోని పేరు, అదే అక్షరాలతో, అదే పొడి అక్షరం వరుసతో ఉంచుకోవాలి. ఇప్పటికే మారి ఉంటే ముందు అసలు మెమో పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్ళాలి. దరఖాస్తు ఆ తర్వాతే.